ఆన్‌లైన్ ప్రేమ సినిమాలు మూడు: ఏది మేలు?

మా పిన్ని కూతురికి పోయినేడు మ్యాట్రిమోనీ సైట్‌లో ఒక సంబంధం వచ్చింది, రెండు నెలలు ఫోన్‌లో బానే మాట్లాడుకున్నారు, తీరా పెళ్లిచూపులకి వచ్చిన మనిషిని చూస్తే ఫొటో పదేళ్ల కిందటిది. అక్క వద్దనేసింది. "కుర్రాడు మంచోడేగా, ఫొటోదేముంది" అని పెద్దవాళ్లు వారం రోజులు తనని సతాయించారు. అక్క బాధ ఫొటో గురించి కాదు, రెండు నెలల్లో ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు కదా అని. అప్పట్నుంచి ఆన్‌లైన్ ప్రేమకథల సినిమా ఏది చూసినా నేను ఒకటే చూస్తున్నా, నిజం ఎవరికి ముందు తెలుస్తోంది, తెలిశాక ఏం చేస్తున్నారు అని.

ముందు 1998లో వచ్చిన యూవ్ గాట్ మెయిల్. టామ్ హ్యాంక్స్, మెగ్ రయాన్, డైరెక్టర్ నోరా ఎఫ్రాన్. న్యూయార్క్‌లో అమ్మ పెట్టిన చిన్న పిల్లల పుస్తకాల షాపు నడుపుకునే అమ్మాయి, ఆ దగ్గర్లోనే పెద్ద పుస్తకాల స్టోర్ తెరిచే అబ్బాయి, ఇద్దరూ ఎవరో తెలీకుండానే ఈమెయిల్స్ రాసుకుంటుంటారు. ఆ మెయిల్స్ నాకు ఇప్పటికీ ప్రాణం, ఫొటో లేదు, ప్రొఫైల్ లేదు, ఉత్త మాటలే. కానీ సగం సినిమాకే అబ్బాయికి విషయం తెలిసిపోతుంది, కెఫేలో పువ్వు పెట్టుకుని తన కోసమే ఎదురుచూస్తున్న అమ్మాయిని చూసి కూడా చెప్పడు. ఆమె షాపు మూతపడుతుంది, దానికి కారణం ఇతనే, ఆ తర్వాత స్నేహితుడిలా ఇంటికొచ్చి, ఆ మెయిల్ మనిషి ఎలాంటోడో అని ఆమెనే ఆటపట్టిస్తూ ఉంటాడు. ఆమెకి ఏమీ తెలీదు, అతనికి అన్నీ తెలుసు. చివర్లో పార్కులో ఆమె ఏడుస్తూ నువ్వే అవ్వాలని కోరుకున్నా అంటుంది, నాకూ కళ్లు చెమర్చాయి, కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే కోపమొచ్చింది, ఎందుకంటే ఆ అమ్మాయికి కోప్పడే టైం కూడా ఇవ్వలేదు సినిమా.

దీనికి మూలం 1940 నాటి ద షాప్ అరౌండ్ ద కార్నర్, కథ బుడాపెస్ట్‌లో, మెయిల్స్ బదులు ఉత్తరాలు. అందులోనూ అబ్బాయికే ముందు తెలుస్తుంది, అతనూ దాస్తాడు. కాకపోతే ఇద్దరూ ఒకే షాపులో పనిచేసేవాళ్లు, పైగా ఆ రోజే అతని ఉద్యోగం పోయింది, చెప్పలేకపోవడం అర్థమవుతుంది. ఒకరి బతుకుతెరువు ఇంకొకరు లాక్కోలేదు. నాకు ఆ తేడా చాలా పెద్దది.

రెండోది 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన లవ్ హార్డ్. ఇక్కడ మోసం నేరుగానే ఉంది, అబ్బాయి డేటింగ్ యాప్‌లో స్నేహితుడి ఫొటోలు పెడతాడు, అమ్మాయి క్రిస్మస్‌కి లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్ అనే ఊరిదాకా ఎగిరొచ్చాక గానీ తెలీదు. నచ్చిందేంటంటే ఆమె అక్కడికక్కడే మండిపడుతుంది, సినిమా దాన్ని తప్పనే చూపిస్తుంది. ఆమె కూడా ఆ ఫొటోలోని అందగాడి కోసం, తను శాకాహారి అయ్యుండి కూడా, లేని ఇష్టాలు నటిస్తుంది, అంటే ఫొటో మార్చకపోయినా మనల్ని మనం మార్చి చూపించడం కూడా అదే జబ్బు అని చెప్తుంది. ఇది మా ఇళ్లల్లో బయోడేటాలు రాసేవాళ్లందరూ చూడాలి. కానీ క్షమాపణ మరీ తొందరగా అయిపోతుంది, చివర్లో ఆమే వచ్చి నాలుగు ప్లకార్డులు చూపిస్తే సరిపోయిందా అనిపించింది.

మూడోది 2017 హిందీ సినిమా కరీబ్ కరీబ్ సింగిల్, ఇర్ఫాన్ ఖాన్, పార్వతి, డైరెక్టర్ తనూజా చంద్ర, కథ వాళ్లమ్మగారు కామ్నా చంద్రది. పార్వతి పాత్రకి ముప్ఫై అయిదేళ్లు, భర్త పోయాడు, ముంబైలో ఇన్సూరెన్స్ ఉద్యోగం. డేటింగ్ సైట్‌లో చేరితే ముందు వచ్చేవన్నీ చెత్త మెసేజ్‌లే, అది చూసిన ఆడవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత ఇర్ఫాన్. ఇద్దరూ త్వరగానే ఎదురెదురుగా కూర్చుంటారు, అతను తన ముగ్గురు పాత ప్రేయసుల దగ్గరికి ఆమెని కూడా వెంటేసుకెళ్తాడు, రిషికేశ్ నుంచి గ్యాంగ్‌టాక్ దాకా. వాడు లొడలొడా వాగుతాడు, కొన్నిచోట్ల ఆమె మొహమాటాన్ని అసలు పట్టించుకోడు, అది నాకు నచ్చలేదు. కానీ ఆమెకి అన్నీ కళ్లముందే జరుగుతాయి, చూసి, విసుక్కుని, గొడవపడి, తనే తేల్చుకుంటుంది. వితంతువు మళ్లీ ప్రేమ కోరుకోవడాన్ని జాలిగా కాకుండా మామూలుగా చూపించడం ఇంకో గొప్ప.

అందుకే నా ఓటు కరీబ్ కరీబ్‌కి. మాటల కోసమైతే యూవ్ గాట్ మెయిల్ ఇంకోసారి చూస్తా, దానికి సాటి లేదు. కానీ పెళ్లిచూపుల వయసులో ఉన్న అమ్మాయికి చూపించమంటే మాత్రం మూడోదే. అక్కకి లింక్ పంపా, రాత్రి సగం చూసి ఫోన్ చేసింది, "వీడు మరీ వాగుడుకాయే, కానీ అబద్ధమైతే ఆడట్లేదు" అంది, మిగతాది ఈ ఆదివారం పిన్నితో కలిసి చూస్తుందట.