కోళ్ల ఎండదెబ్బ పొడి కొనేవారు గడువు తేదీని గోటితో గోకి చూడండి

తిరుపతిలో కోళ్ల దాణా, మందులు అమ్మే ఆ దుకాణం ఏదో ఇక్కడి పెంపకందారులకు తెలియనిది కాదు కనుక పేరు రాయడం లేదు. కత్తిరి ఎండలు వస్తున్నాయని, చంద్రగిరి దగ్గర మా రేకుల షెడ్డులో ఉన్న 300 నాటుకోళ్ల కోసం విటమిన్ సి కలిపిన ఎలక్ట్రోలైట్ పొడిని ఐదు కిలోలు అక్కడే కొన్నాను. నిన్న ఒక్క మధ్యాహ్నంలో 46 కోళ్లు పోయాయి.

కోడికి చెమట పట్టదు కనుక నోరు తెరిచి రొప్పుతూ ఒంటి వేడిని బయటకు పంపుకుంటుంది. అలా రొప్పేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, లవణాల తూకం తప్పుతుంది. ఆ లోటు పూడ్చడానికే ఈ పొడిని నీళ్లలో కలుపుతాం. ఇంత తెలిసిన నేను, పొడి ఉంది కదా అన్న ధీమాతో, ఏటా ఎండ ముదరకముందే ఎత్తేసే దాణా తొట్లను ఈసారి అలాగే వదిలేశాను. తిన్న మేత అరిగేటప్పుడు పుట్టే వేడి బయటి ఎండకు తోడవుతుందని తెలిసీ చేసిన ఆ తప్పు నాదే, దాన్ని ఎవరి మీదా వేయను.

రాత్రి కొత్త ప్యాకెట్టు విప్పితే పొడి రాలలేదు. బెల్లం అచ్చులా గడ్డకట్టి, అంచుల్లో గోధుమ రంగుకు తిరిగింది. తేమకూ వేడికీ విటమిన్ సి పాడవుతుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ప్యాకెట్టు వెనక గడువు తేదీ ఉన్నచోట వేలికి ఏదో ఎత్తుగా తగిలింది, గోటితో గోకితే స్టిక్కరు లేచింది, దాని కింద అచ్చయిన తేదీ దాటి అప్పటికే 14 నెలలైంది.

ఈ ఉదయం ఆ ప్యాకెట్టు తీసుకొని దుకాణానికి వెళ్లాను. యజమాని సెల్‌ఫోను నుంచి తల ఎత్తకుండానే, "ఎండకు చచ్చినాయి సామీ, నా పొడికి చచ్చినాయా? పోయి సూర్యుణ్ణి అడుగుకోండి" అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు నవ్వారు. ఆ తర్వాత తాపీగా బిల్లు చూపించమన్నాడు. కొన్న రోజు నేను బిల్లు అడిగితే, "మనలో మనకు బిల్లేంది సామీ" అని టీ తెప్పించి తాగించిన మనిషి ఈయనే. 46 కోళ్ల ఖరీదు చేసే టీని నేను జీవితంలో ఇంకెక్కడా తాగలేదు.

కొనేవారు బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి, ప్యాకెట్టును చేత్తో నలిపి చూడండి. పొడి ఉన్నా లేకపోయినా మధ్యాహ్నం దాణా ఆపండి, రేకుల మీద కొబ్బరాకులు పరవండి, నీళ్ల ట్యాంకుకు తడి గోనె సంచులు చుట్టండి. ఇంకా విప్పని ప్యాకెట్లు రెండు, స్టిక్కర్లతో సహా, నా దగ్గరే ఉన్నాయి. చూడాలనుకునేవారు ఎప్పుడైనా రావచ్చు.