ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్: ఆరేళ్లు వాడాక

మేం రైస్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. సర్వర్‌లో డేటాబేస్ మొదటి నుంచీ పోస్ట్‌గ్రెస్సే. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం 2019 దాకా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో నెట్టుకొచ్చాను. ఒక్క ఫైలు, ఇన్‌స్టాల్ గొడవ లేదు. మధ్యలో ఓఆర్ఎం (మన కోడ్‌కూ డేటాబేస్‌కూ మధ్య అనువాదం చేసే లైబ్రరీ) ఉంది కదా, కింద ఏ డేటాబేస్ ఉంటే ఏంటి అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది సార్వా ధాన్యం దిగే రోజుల్లో మండపేట నుంచి ఫోన్ వచ్చింది. ఒక రైతు పేరు ఎక్కించబోతే ఎర్రర్ వస్తోందట. కాటా దగ్గర ట్రాక్టర్లు ఆగిపోయాయి. నా దగ్గర అదే పేరు కొడితే చక్కగా సేవ్ అవుతోంది. గంటసేపు టెన్షన్ పడ్డాక దొరికింది. పేరు కాలమ్ వార్‌చార్ 20, అంటే 20 క్యారెక్టర్లకు మించకూడదని హద్దు. వెంకటసత్యనారాయణమూర్తి అనే పేరే తీసుకోండి. మనం చదివితే 11 అక్షరాలు. పోస్ట్‌గ్రెస్ లెక్కలో 21, ఎందుకంటే గుడి, దీర్ఘం, సున్నా, పొల్లు అన్నీ దానికి విడివిడి క్యారెక్టర్లే. ఒక్కటి ఎక్కువైనా ససేమిరా తీసుకోదు. ఎస్‌క్యూలైట్ వార్‌చార్ పక్కన మనం రాసిన అంకెను అసలు పట్టించుకోదు, ఎంత పొడుగున్నా దాచుకుంటుంది. తెలుగు పేర్లతో పనిచేసే ఎవరికైనా ఇది ఎదురయ్యేదే. ఆ కాలమ్‌ను పొడుగు హద్దు రాయనక్కర్లేని టెక్స్ట్‌గా మార్చేశాను. ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకున్నాను.

ఇన్‌స్టాల్ సంగతి చెప్పాలంటే, ఉబుంటు లినక్స్‌లో ఏపీటీ అనే ఇన్‌స్టాలర్‌తో ఒక్క కమాండ్. కానీ అది ఆ ఉబుంటుతో వచ్చే వెర్షన్‌నే ఇస్తుంది: 22.04లో 14, 24.04లో 16. సర్వర్‌లో ఉన్నదే నాకు కావాలి కాబట్టి, ఏ వెర్షన్ కావాలంటే అది విడి డబ్బాలో పెట్టి నడిపే డాకర్‌కు మారాను. కంపోజ్ ఫైలులో (డాకర్ సెట్టింగులు రాసే ఫైలు) వెర్షన్ నంబర్ రాసి పెట్టేస్తే టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా పది నిమిషాల్లో పనిలో పడుతున్నారు. పాత ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే 5432 పోర్టును పట్టుకుని ఉంటే డాకర్‌ది 5433కి మార్చుకోండి, అంతే.

డాకర్‌లో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది పాస్‌వర్డ్. కంపోజ్ ఫైలులో పాస్‌వర్డ్ మార్చి ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాగిన్ కాదు. అక్కడ రాసేది మొదటిసారి, డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఆ తర్వాత మార్చాలంటే లోపలికి వెళ్లి ఆల్టర్ రోల్ కమాండ్‌తో మార్చాల్సిందే. అలాగే వెర్షన్ 14 నుంచి 16కి నంబర్ మార్చి నడిపితే పాత ఫైళ్లతో సర్వర్ లేవదు. ముందే పాతదాంట్లో పీజీ డంప్‌తో డేటా బ్యాకప్ తీసుకుని, కొత్తదాంట్లో ఎక్కించుకోవాలి. కంపోజ్ డౌన్ పక్కన వీ ఫ్లాగ్ ఇస్తే డేటా ఉండే వాల్యూమ్ కూడా పోతుంది. నాకు రెండు వారాల టెస్ట్ డేటా అలాగే పోయింది.

ఇక నాకు బాగా నచ్చింది టెంప్లేట్. ఒక డేటాబేస్‌ను టెంప్లేట్‌గా చూపించి క్రియేట్ డేటాబేస్ అంటే అచ్చంగా దాని కాపీ తయారవుతుంది. నా దగ్గరున్న టెస్ట్ డేటాకు కొన్ని సెకన్లు చాలు. మైగ్రేషన్ (టేబుళ్లను మార్చే స్క్రిప్ట్) రాసిన ప్రతిసారీ కాపీ మీద నడిపి చూస్తాను, చెడితే కాపీ పారేసి ఇంకోటి తీస్తాను. కాపీ తీసేటప్పుడు అసలుదానికి ఇంకెవరూ కనెక్ట్ అయి ఉండకూడదు. యాప్ ఆపేసినా పక్కన డేటాబేస్ చూసుకునే పీజీఅడ్మిన్ తెరిచి ఉందేమో చూసుకోండి. ఇంకో సుఖం, టేబుల్ మార్పులు కూడా ట్రాన్సాక్షన్‌లో పెట్టుకోవచ్చు. మూడో ఆల్టర్ దగ్గర తప్పు జరిగితే మొదటి రెండూ వెనక్కి వచ్చేస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లో పనిచేసినప్పుడు ఈ హాయి లేదు, అక్కడ ఆల్టర్ పడగానే కమిట్ అయిపోతుంది.

బరువు సంగతి: పోస్ట్‌గ్రెస్ తేలికే. డేటా కోసం మెమరీలో పక్కన పెట్టుకునే షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్‌గా 128 ఎంబీ మాత్రమే. విండోస్, మ్యాక్‌లో డాకర్ వెనక నడిచే లినక్సే మెమరీ తింటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు డాకర్ జోలికి పోకుండా నేరుగా ఇన్‌స్టాల్ చేసుకుంటేనే నయం.

ఒక్కచోట మాత్రం ల్యాప్‌టాప్ నన్ను మళ్లీ మోసం చేసింది. సర్వర్‌ను 16కి మార్చి కొత్త డేటాబేస్ తెరిచిన రోజు, పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు మామూలుగా చేరే చోటు) టేబుల్ పెట్టడానికి అనుమతి లేదని మైగ్రేషన్ ఆగిపోయింది. వెర్షన్ 15 నుంచి ఆ హక్కు అందరికీ ఉండదు. ల్యాప్‌టాప్‌లోనూ అదే 16, అయినా నాకు కనపడలేదు. కారణం, డాకర్ ఇమేజ్ మనకిచ్చే యూజర్ సూపర్‌యూజర్, దానికి ఏ అడ్డూ ఉండదు. ఇప్పుడు మొదటిసారి నడిచే ఇనిట్ స్క్రిప్ట్‌లో సర్వర్‌లో ఉన్నట్టే మామూలు యూజర్‌ను సృష్టించి, యాప్‌ను దాంతోనే కనెక్ట్ చేస్తున్నాను. ముందుగా నింపే సీడ్ డేటాలో మొదటి వరుసలో వెంకటసత్యనారాయణమూర్తి పేరే ఉంటుంది.