మళ్లీ చదవాలా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవాలా?

పాఠం ఒకసారి చదివారు. ఉన్న కాసేపట్లో దాన్నే మళ్లీ చదవాలా, పుస్తకం మూసి గుర్తున్నంత రాయాలా? రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఇదే పరీక్షించారు.

ఐదు నిమిషాల తర్వాత: మళ్లీ చదివినవాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75.
వారం తర్వాత: చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56.

శ్రమ: చదవడం హాయిగా సాగుతుంది. రాయడం విసుగు, కొంచెం టెన్షన్ కూడా. కానీ జ్ఞాపకాన్ని బలపరిచేది ఆ కష్టమే.

రిస్క్: ఇక్కడే అసలు తేడా. కిరణజన్య సంయోగక్రియ చదువుతుంటే కాంతి చర్య, నిష్కాంతి చర్య రెండూ తెలిసినట్టే ఉంటాయి. పుస్తకం మూసి, ఆక్సిజన్ ఏ దశలో విడుదలవుతుందో రాయబోతే పెన్ను ఆగిపోతుంది. కళ్లముందున్నదాన్ని గుర్తుపట్టడాన్నే వచ్చేసిందని నమ్మేస్తాం. పిల్లలు ఇలా మోసపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. రాయడంలోనూ ఒక ప్రమాదముంది: తప్పు రాసి వదిలేస్తే తప్పే నాటుకుపోవచ్చు. వెంటనే పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి.

ఖర్చు: రెండింటికీ లేనట్టే. చిత్తు కాగితాలు చాలు.

పాఠం ఇంకా అర్థం కాలేదా? మళ్లీ చదవండి, రాయడానికి తొందర లేదు. పరీక్ష హాలు బయట నిలబడి ఉన్నారా? అప్పుడూ ఒకసారి చూసుకోవడమే మేలు. నీట్, గ్రూప్స్, డీఎస్సీలా నెలల తరబడి గుర్తుండాల్సినవైతే మాత్రం పుస్తకం మూయండి. రాశాక నాలుగు రోజులు ఆగి మళ్లీ రాయండి.