వెనక క్రౌన్ పినియన్ పోతే ఏది మేలు: కొత్త సెట్టా, పాత అసెంబ్లీయా, బేరింగులతో సరిపెట్టడమా?

బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, సుమో, ఆఖరికి మారుతీ ఓమ్నీ, ఈకో కూడా, వెనక చక్రాలతో నడిచే బండి ఏదైనా సరే, యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే హౌసింగ్‌లోంచి సన్నగా కూత మొదలైందంటే ఓనర్‌కి టెన్షన్ మొదలైనట్టే. స్విఫ్ట్, ఐ20 లాంటి ముందు చక్రాల బళ్లకి ఈ గొడవ లేదు, వాటి డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల ముద్ద) గేర్‌బాక్స్‌తోనే కలిసి ముందు ఉంటుంది. మిగతావాటికి ఆ హౌసింగ్‌లో క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న గేరు ఉంటాయి. ఆ బళ్లవాళ్లు షెడ్డుకి వెళ్తే మూడింట్లో ఒక మాట వింటారు. "క్రౌన్ పినియన్ సెట్ మార్చేద్దాం సార్", లేదా "ఆటోనగర్‌లో పాత అసెంబ్లీ (వేరే బండి నుంచి ఊడదీసిన మొత్తం ముద్ద) దొరుకుతుంది, ఎక్కించేద్దాం", లేదా "ముందు బేరింగులు వేసి చూద్దాం".

నా లెక్క ముందే చెప్పేస్తాను. పళ్లు బాగుండి బేరింగులే అరిగితే బేరింగులే వేయించండి. పళ్లు పోతే మాత్రం, డయల్ గేజీ (సన్నటి ఆటని కొలిచే ముల్లు మీటరు) పెట్టి సెట్టింగ్ చేసే మనిషి మీకు దొరికితేనే కొత్త సెట్ కొనండి, దొరక్కపోతే అదే రేషియో (క్రౌన్ పళ్లకీ పినియన్ పళ్లకీ ఉన్న నిష్పత్తి) ఉన్న మంచి పాత అసెంబ్లీ నయం. సామాను ధర చూసి కాదు, పని చేసే చెయ్యి చూసి నిర్ణయం తీసుకోవాలి.

అన్నిటికంటే ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కితే కూత వచ్చి కాలు తీయగానే తగ్గినా, లేదా తొక్కినప్పుడు లేకుండా కాలు తీసినప్పుడే వచ్చినా, అది క్రౌన్ పినియన్ పళ్ల వైపు చూపిస్తుంది, ఎందుకంటే తొక్కినప్పుడు పంటి ఒక ముఖం, వదిలినప్పుడు రెండో ముఖం భారం మోస్తాయి. తొక్కినా వదిలినా తేడా లేకుండా స్పీడుతో పాటు పెరిగే గరగర అయితే చాలాసార్లు బేరింగే. మలుపు తిరిగేటప్పుడు మాత్రమే వస్తే మలుపులో రెండు చక్రాలనీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే లోపలి చిన్న గేర్లు, అంటే స్టార్ గేర్లు, సన్ గేర్లు చూడాలి. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు ఎక్కగానే శబ్దం మారిపోతే అది టైరు శబ్దం, యాక్సిల్ జోలికి వెళ్లొద్దు. ఇక క్లచ్ వదలగానే "టక్" మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వచ్చే పొడుగు రాడ్డు) కీలులో ఉండే క్రాస్ చూడండి, కొన్ని వందల రూపాయల సామానుతో పోయే జబ్బుకి హౌసింగ్ విప్పించుకోవడం అన్యాయం.

ఆ తర్వాత ఆయిల్ దించి చూడండి. అడుగు ప్లగ్గుకి ఉన్న అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు పేస్టు కొంచెం ఉంటే మామూలే. వేళ్ల మధ్య రుద్దితే గుచ్చుకునే రవ్వలు వచ్చాయా, పంటి ముక్క వచ్చిందా, ఇక బేరింగుల మాట మర్చిపోండి. ఆయిల్ తెల్లగా పాల రంగులో ఉంటే నీళ్లు చేరాయని అర్థం.

కొత్త సెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పినియన్, క్రౌన్ రెండూ జంటగా తయారవుతాయి, ఒకదానితో ఒకటి రుద్ది అరగదీసి ఒకే నంబరు రెండింటి మీదా చెక్కుతారు. డబ్బా విప్పగానే ఆ నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడండి, కలవకపోతే అక్కడే వెనక్కిచ్చేయండి. పినియన్ ఒకటే పోయింది కదా అదొక్కటే కొంటానంటే కుదరదు. పైగా ఈ గేర్లలో పినియన్ క్రౌన్ మధ్య గీతకి కిందగా ఉంటుంది, పళ్లు దొర్లడమే కాకుండా ఒకదాని మీద ఒకటి జారుతాయి, అందుకే వాటి స్థానం వెంట్రుకవాసి తప్పినా కూత పెడతాయి, తర్వాత అరుగుతాయి.

సెట్టింగ్ అంటే మూడు పనులు. పినియన్ ఎంత లోపలికి కూర్చోవాలో షిమ్ములతో, అంటే పల్చటి రేకు వాషర్లతో, సరిచూడడం, పినియన్ బేరింగుల బిగువు సరిచూడడం, క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ఆట, అంటే బ్యాక్‌లాష్, సరిచూడడం. చాలా కార్లకి ఈ ఆట 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, మీ బండి అసలు కొలత దాని మాన్యువల్‌లో ఉంటుంది. చేత్తో ఊపి "సరిపోయింది సార్" అనేవాళ్లకి ఈ కొలత తెలిసే దారే లేదు. కొలిచాక క్రౌన్ పళ్లకి రంగు పూసి, కొంచెం అడ్డుపెట్టి బరువు మీద తిప్పి, పినియన్ పళ్లు ఎక్కడ రంగు చెరిపాయో చూస్తారు. ఆ రంగు చెరిగిన అచ్చు పంటి ఎత్తులో మధ్యగా, అంచులు దాటకుండా పడాలి. పంటి మొన దగ్గర పడితే పినియన్ ఇంకా లోపలికి రావాలి, పంటి మొదట్లో పడితే వెనక్కి వెళ్లాలి. ఒక్కో మార్పుకీ మళ్లీ విప్పి, ప్రెస్ మీద బేరింగు లాగి, షిమ్ మార్చి, మళ్లీ బిగించాలి. రోజంతా పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ రంగు అచ్చు నాకు చూపించు అన్నప్పుడు మెకానిక్ సంతోషంగా చూపిస్తే మీరు సరైన చోటికే వెళ్లారన్నమాట.

ఇంకో తేడా కూడా ఉంది. ఇన్నోవా, క్వాలిస్, అంబాసిడర్ లాంటి వాటిలో డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా ముందుకి ఊడి వచ్చేస్తుంది, బల్ల మీద పెట్టి హాయిగా పని చేసుకోవచ్చు. పాత మహీంద్రా జీపుల్లో అలా కాదు, హౌసింగ్ యాక్సిల్‌లో భాగమే, వెనక మూత విప్పి బండి కింద పడుకునే చెయ్యాలి, లేదంటే యాక్సిల్ మొత్తం దించాలి. కష్టం అక్కడ రెట్టింపు, అందుకు తగ్గట్టే కూలీ కూడా.

డబ్బు సంగతి. ఊరిని బట్టి, బండిని బట్టి మారుతుంది కాబట్టి వీటిని ఉజ్జాయింపుగానే తీసుకోండి. బొలెరో తరగతి బండికి బయట దొరికే పేరున్న కంపెనీ సెట్ 8 వేల నుంచి 15 వేల మధ్య, పినియన్ బేరింగులు, సైడు బేరింగులు, సీళ్లు, స్పేసర్ కలిపి ఇంకో 4, 5 వేలు, కూలీ, ఆయిల్ విడిగా. మొత్తం 20 వేలు దాటుతుందనే అనుకోండి. స్పేసర్, పినియన్ నట్టు, సీళ్లు పాతవే వేస్తానంటే ఒప్పుకోకండి. స్పేసర్ నట్టు బిగించినప్పుడు నలిగి బిగువునిస్తుంది, ఒకసారి నలిగింది మళ్లీ పనికిరాదు. షోరూంలో అయితే ఖర్చు బాగా పెరుగుతుంది, వారంటీలో ఉన్న బండికి తప్ప నేను అటు పంపను.

పాత అసెంబ్లీకి ఉన్న పెద్ద లాభం, దాని సెట్టింగ్ ఫ్యాక్టరీలో చేసింది. ఎవరూ విప్పకపోతే మనకి షిమ్ముల తలనొప్పే లేదు, ముద్దగా ఊడే బండికైతే మామూలు మెకానిక్ కూడా ఒక పూటలో మార్చేస్తాడు. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ ఆటోనగర్‌లో మన దగ్గర ఎక్కువ తిరిగే మోడళ్లవి వెతికితే దొరుకుతాయి, ధర చాలాసార్లు కొత్త సెట్ మొత్తం ఖర్చుకి అటూఇటూగా ఉంటుంది. నష్టం ఏమిటంటే దాని చరిత్ర ఎవరూ చెప్పలేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్ని బళ్లు మునిగాయో చూశాం. వేడిగా ఉన్న యాక్సిల్ నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి బ్రీదర్ అనే గాలి గొట్టంలోంచి నీటిని లాక్కుంటుంది, కొన్నాళ్లు నిలబడితే బేరింగులకి తుప్పు గుంటలు పడతాయి. కాబట్టి కొనేముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పించి వేలు పెట్టి ఆయిల్ చూడండి, బోల్టుల మీద కొత్త గీతలు, కొత్త ప్యాకింగ్ పేస్టు ఉంటే ఎవరో విప్పారన్నమాట, అలాంటిది వద్దు. ఫ్లాంజ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే ముందు బిళ్ల) పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, కదిలితే పినియన్ బేరింగ్ పోయినట్టే.

రేషియో మాత్రం దుకాణంవాడి మాట మీద నమ్మొద్దు, ఒకే మోడల్‌లో కూడా ఇంజిన్‌ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంది. పళ్లు లెక్కపెడితే తేలిపోతుంది, క్రౌన్‌కి 41, పినియన్‌కి 10 అయితే 4.1, పినియన్‌కి 11 అయితే 3.73. విప్పకుండా తెలుసుకోవాలంటే సుద్దముక్కతో గుర్తు పెట్టి, రెండు చక్రాలనీ కలిపి ఒక చుట్టు తిప్పి, ఫ్లాంజ్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి. థార్ లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్‌తో ఇది కచ్చితంగా కలవాలి, లేకపోతే ఫోర్ వీల్ వేయగానే ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ బిగుసుకుపోతుంది. పెద్ద టైర్లు వేసి పికప్ పోయిందని రేషియో మార్చాలనుకునేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి, మీకు ఖర్చు రెండు యాక్సిళ్లకి.

బేరింగులతో సరిపెట్టడం అన్నిటికంటే చవక, పళ్ల మీద గీతలు, గుంటలు లేకపోతే మంచి దారి కూడా. ఒక్క షరతు, పాత షిమ్ములు ఏ పక్కవి ఆ పక్కనే తిరిగి వెయ్యాలి, విప్పకముందే పాత అచ్చు, పాత బ్యాక్‌లాష్ రాసిపెట్టుకోవాలి. అరిగిన పళ్లు ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి, స్థానం మారితే అంతవరకు లేని కూత కొత్తగా మొదలవుతుంది.

ఏది చేయించినా ఆయిల్ దగ్గర కక్కుర్తి పడకండి. మాన్యువల్‌లో చెప్పిన జీఎల్-5 రకం గేర్ ఆయిలే వాడాలి, మన బళ్లలో చాలావాటికి 80డబ్ల్యూ-90 లేదా 85డబ్ల్యూ-140. కొత్త గేర్లయితే మొదట 20, 30 కిలోమీటర్లు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, మొదటి 800 కిలోమీటర్లలో లోడు వెయ్యొద్దు, ట్రాలీ లాగొద్దు, ఆ తర్వాత ఆ ఆయిల్ దించేసి కొత్తది పోయించండి. దించిన ఆయిల్‌ని తెల్లటి ట్రేలో పట్టమనండి, రవ్వలు కనిపిస్తే అదే రోజు బండిని మళ్లీ పని చేసినవాళ్లకే చూపించండి.