డిజిటల్ మనిషి ముఖంలో వివరం: మార్ఫా, నార్మల్ మ్యాపా, డిస్‌ప్లేస్‌మెంటా? ఏది మేలు?

3డీ సాఫ్ట్‌వేర్ డాజ్ స్టూడియోలోని ఫిగర్‌కు (మనిషి మోడల్‌కు) వయసు తేవాలన్నా, ముక్కు తీరు మార్చాలన్నా దారులు మూడున్నాయి: మెష్‌నే (ఫిగర్ ఉపరితలమైన వలను) చెక్కి మార్ఫ్ (డయల్‌తో పెంచి తగ్గించే ఆకార మార్పు) చేయడం, ఎత్తుపల్లాల భ్రమ కలిగించే చిత్రమైన బంప్ లేదా నార్మల్ మ్యాప్ పెట్టడం, చిత్రాన్ని బట్టి ఉపరితలాన్నే జరిపే డిస్‌ప్లేస్‌మెంట్ వాడటం. ముందుగా ఫిగర్‌ను పక్కకు తిప్పి, ఆ మార్పు ముఖం అంచు గీతలో కనబడాలా అని చూసుకోండి. కనబడాలంటే బంప్, నార్మల్ రెండూ పనికిరావు. అవి వెలుగు పడే తీరును మారుస్తాయే తప్ప మెష్‌ను కదిలించవు.

దవడ, ముక్కు, కంటి కింద సంచులు, మెడ మడతలు, పొట్ట: వీటన్నిటికీ మార్ఫే మేలు. డాజ్ ఫిగర్ల తరాల్లో జెనెసిస్ 8 మెష్‌లో సుమారు 16 వేలు, జెనెసిస్ 9లో సుమారు 25 వేల పాలిగాన్లు (మెష్‌లోని చిన్న పలకలు) ఉంటాయి. ఇంత పెద్ద ఆకారాలకు అవి చాలు, చర్మరంధ్రాలకు చాలవు. చెక్కడానికి ఫిగర్‌ను బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్‌కు ఎక్స్‌పోర్ట్ చేసేముందు రిజల్యూషన్‌ను బేస్‌కు మార్చండి. సబ్‌డివిజన్‌తో (పలకలను ఇంకా చిన్నవిగా విడగొట్టి) పంపితే వెర్టెక్స్‌ల (పలకల మూల బిందువుల) లెక్క మారిపోయి, తిరిగి వచ్చిన ఓబీజే ఫైలును డాజ్‌లో మార్ఫ్‌లు చేర్చే మార్ఫ్ లోడర్ ప్రో తీసుకోదు. బ్లెండర్‌లో చెక్కేటప్పుడు మెష్‌ను కొత్తగా అల్లే డైన్‌టోపో, రీమెష్ ముట్టుకోకూడదు. లెక్క సరిపోయినా వెర్టెక్స్‌ల వరుస మారితే ముఖం ముళ్లు ముళ్లుగా చీలిపోతుంది. డాజ్‌లో ఒక యూనిట్ సెంటీమీటరు, బ్లెండర్‌లో మీటరు. పంపేటప్పుడూ తెచ్చేటప్పుడూ ఒకే స్కేల్ ప్రీసెట్ వాడకపోతే ఫిగర్ 100 రెట్లు పెరుగుతుంది, లేదా చుక్కంత అయిపోతుంది. చెక్కేముందు మిగతా మార్ఫ్‌ల డయల్స్‌ను సున్నాకు తేవాలి. వాటి మీదే చెక్కితే ఆ ఆకారం కూడా మీ మార్ఫ్‌లో కలిసిపోయి, తర్వాత రెండింతలుగా బయటపడుతుంది. డయల్స్ ఉంచక తప్పదంటే, మార్ఫ్ లోడర్ ప్రోలో వాటి ప్రభావాన్ని తీసేసే రివర్స్ డిఫార్మేషన్స్ ఆన్ చేసి లోడ్ చేయండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు తంటా ఆ తర్వాతే వస్తుంది. చేయి పొడుగు చేస్తే మోచేతి కీలు పాత చోటే ఉండిపోతుంది, మడిచినప్పుడు చేయి తప్పుడు చోట వంగుతుంది. జాయింట్ ఎడిటర్‌లో అడ్జస్ట్ రిగ్గింగ్ టు షేప్‌తో కీళ్లను కొత్త ఆకారానికి జరిపి, ఆ మార్పును ఈఆర్‌సీ ఫ్రీజ్ అనే ఆదేశంతో మార్ఫ్ డయల్‌కు కట్టాలి. కళ్లు జరిగిన ముఖాలకూ ఇంతే.

చర్మరంధ్రాలకూ సన్నగీతలకూ నార్మల్ మ్యాప్‌ను మించింది లేదు. రెండు తప్పులు మాత్రం పదేపదే జరుగుతాయి. మ్యాప్‌ను ఎస్‌ఆర్‌జీబీగా (మామూలు రంగు చిత్రంలా) చదివిస్తే చర్మమంతా వంకరగా మెరుస్తుంది. బ్లెండర్‌లో నాన్-కలర్ పెట్టాలి, డాజ్‌లో గామా 1 ఉండాలి. గుంటలు బొడిపెల్లా కనిపిస్తే అది డైరెక్ట్‌ఎక్స్ తరహా మ్యాప్. గ్రీన్ ఛానల్‌ను (చిత్రంలోని పచ్చ రంగు భాగాన్ని) తిరగేస్తే సరిపోతుంది. బంప్ ఒక ఛానల్‌తోనే అయిపోతుంది కాబట్టి మెమరీ తక్కువ తింటుంది: 8 బిట్‌ల 4096 మ్యాప్ 16 ఎంబీ. దాన్ని జేపెగ్‌గా భద్రపరచొద్దు. కంప్రెషన్‌లోని 8×8 గడులు నుదుటి మీద బొడిపెలై తేలతాయి.

డిస్‌ప్లేస్‌మెంట్ అంచును నిజంగానే మారుస్తుంది, కానీ మెష్ దట్టంగా ఉంటేనే. సబ్‌డివిజన్ ఒక్కో మెట్టుకూ పాలిగాన్లు నాలుగింతలవుతాయి. 25 వేల మెష్ నాలుగో మెట్టుకు 64 లక్షలు. ఆ ఖర్చు ముఖం దగ్గర నుంచి తీసే షాట్‌కే తగినది, నిలువెత్తు బొమ్మకు దండగ. మ్యాప్ 16 బిట్ (8 బిట్‌ల కంటే ఎక్కువ ఛాయలు పట్టేది) ఉండాలి, లేదంటే నున్నని బుగ్గ మీద మెట్లు పడతాయి. మినిమమ్, మాక్సిమమ్ విలువలు సెంటీమీటర్లలో ఇస్తాం: మైనస్ 0.05, ప్లస్ 0.05 దగ్గర మొదలుపెట్టి పెంచుకోండి. ఆ రెండూ సమానంగా లేకపోతే నడిమి బూడిద రంగు తటస్థంగా ఉండదు, ముఖమంతా ఉబ్బుతుంది లేదా కుంగుతుంది.

కాబట్టి ఆకారానికి మార్ఫ్, చర్మానికి నార్మల్, డిస్‌ప్లేస్‌మెంట్ అవసరమైన చోటే. ఒకే ముడతను రెండు చోట్ల పెట్టొద్దు. బేస్ కలర్‌లో (చర్మం రంగు చిత్రంలో) నీడ గీసి ఉంటే చెరిపేయండి. లేదంటే మార్ఫ్ నీడ మీద ఆ నీడ పడి గీత నల్లగా మాడుతుంది, కాంతి దిశ మార్చిన వెంటనే దొరికిపోతుంది.