బీ నెట్‌వర్క్ బస్సులు, గ్రేటర్ మాంచెస్టర్: 5కి 4 మార్కులు

మాంచెస్టర్‌కి చదువుకోడానికో ఉద్యోగానికో వస్తున్నవాళ్ళు ముందు ఇంటి గురించి అడుగుతారు, ఆ వెంటనే బస్సుల గురించి. ఇళ్ళ సంగతి ఒక్క ముక్కలో తేలదు గానీ, బీ నెట్‌వర్క్ అనే పేరుతో నడిచే ఇక్కడి బస్సుల సంగతి ధైర్యంగా చెప్తాను. లండన్ వదిలేస్తే ఇంగ్లండ్‌లో ఇంత తేలిగ్గా అర్థమయ్యే బస్సు టికెట్ నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎక్కేటప్పుడు బ్యాంకు కార్డో ఫోనో ట్యాప్ చేస్తే చాలు, 2 పౌండ్లు. ఆ 2 పౌండ్లతోనే గంటలోపు ఎన్ని బస్సులైనా మారి ఎక్కొచ్చు. 2025లో పెట్టిన రేట్ల ప్రకారం రోజంతా తిరిగినా బస్సులకి 5 పౌండ్లు, వారానికి 20 పౌండ్లు దాటదు. ట్రామ్‌లోనూ అదే కార్డు పనిచేస్తుంది, కాకపోతే దిగేటప్పుడు కూడా ట్యాప్ చేయాలి. ఒకసారి కార్డు, ఒకసారి ఫోను వాడితే లెక్క కలవదు, ఏదో ఒకదానికే కట్టుబడండి.

ఇంత మామూలు సౌకర్యం కోసం ఈ ఊరు దాదాపు నలభై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది, నేను ఈ రివ్యూ రాస్తున్నది అసలు అందుకే. థాచర్ ప్రభుత్వం 1985లో చట్టం చేసి, 1986 అక్టోబర్ నుంచి లండన్ బయట బస్సులన్నీ ప్రైవేటు కంపెనీల ఇష్టానికి వదిలేసింది, లండన్‌లో మాత్రం రూట్లు, చార్జీలు ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉంచింది. దాంతో యూనివర్సిటీలున్న విల్మ్స్‌లో రోడ్డు మీద ఒక కంపెనీ బస్సు వెనక ఇంకో కంపెనీ బస్సు పోటీపడి తిరిగేవి, లాభం లేని కాలనీలకేమో సాయంత్రమైతే బస్సే ఉండేది కాదు. ఒక కంపెనీ పాస్ ఇంకో కంపెనీ బస్సులో చెల్లేది కాదు. ఎవరిని అడగాలి? కౌన్సిల్‌ని అడిగితే మా చేతిలో లేదనేది, నిజంగానే లేదు.

2014లో కొన్ని అధికారాలు ఇక్కడికి బదిలీ చేసేలా కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది, 2017లో గ్రేటర్ మాంచెస్టర్‌కి మేయర్ ఎన్నిక జరిగి ఆండీ బర్నమ్ గెలిచాడు, అదే ఏడాది వచ్చిన బస్సుల చట్టం మేయర్లకి రూట్లు, టైమింగులు, చార్జీలు నిర్ణయించే అధికారం ఇచ్చింది. 2021లో ఆయన ఆ అధికారం వాడతానని ప్రకటిస్తే రెండు బస్సు కంపెనీలు కోర్టుకి వెళ్ళి 2022లో ఓడిపోయాయి. 2023 సెప్టెంబర్‌లో బోల్టన్, విగన్‌లతో మొదలుపెట్టి 2025 జనవరి 5కల్లా గ్రేటర్ మాంచెస్టర్‌లోని పది బరోల్లోనూ, అంటే పది స్థానిక కౌన్సిల్ ప్రాంతాల్లోనూ, బస్సులు బీ నెట్‌వర్క్ పసుపురంగులోకి వచ్చాయి. ఇప్పటికీ నడిపేది ప్రైవేటు కంపెనీలే, కానీ ఎక్కడికి, ఎప్పుడు, ఎంతకి అన్నది ఊరు చెప్తుంది. మన దగ్గర ఆర్టీసీ నిర్ణయాలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జరుగుతాయి, ఊరి బస్సు కోసం ఢిల్లీ వెళ్ళి ఎవరూ చట్టం చేయించుకోరు. ఇంగ్లండ్‌లో మాత్రం 28 లక్షలకి పైగా జనం ఉన్న ప్రాంతం తన బస్సుల మీద అజమాయిషీ కోసం పార్లమెంటు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

తేడా ఎక్కడ తెలిసిందంటే, 2025 జనవరిలో దేశమంతటా బస్సు చార్జీ పరిమితిని 3 పౌండ్లకి పెంచినప్పుడు ఇక్కడ 2 దగ్గరే ఆపారు. 16 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి బస్సు ఉచితం. రాత్రి షిఫ్టులవాళ్ళ కోసం బోల్టన్‌కి, లీ అనే ఊరికి రాత్రంతా బస్సులు 2024లో ప్రయోగంగా మొదలయ్యాయి. ఇవన్నీ ఇక్కడి బతుకు తెలిసినవాళ్ళు తీసుకునే నిర్ణయాలు. దీని పక్కన 2023 అక్టోబర్‌ని పెట్టి చూడండి: బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్ దాకా రావాల్సిన హైస్పీడ్ రైలు లైన్‌ని ప్రధాని రిషి సునాక్ రద్దు చేశాడు, అదీ మాంచెస్టర్‌లోనే, ఒకప్పటి రైల్వే స్టేషన్ హాల్లో జరిగిన పార్టీ సభలో నిలబడి. ఆ నిర్ణయంలో ఈ ఊరికి ఓటు లేదు. నాకు ఇప్పటికీ అది మింగుడుపడదు.

రంగు, పేరు కూడా చిన్న విషయాలు కావు. బీ అంటే తేనెటీగ. తేనెటీగలు 1842 నుంచి మాంచెస్టర్ నగర చిహ్నంలో ఉన్నాయి, బస్సు మీద ఆ గుర్తు చూసి ఇది మాది అనుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను. కానీ బోల్టన్, విగన్ పెద్దవాళ్ళతో మాట్లాడండి, మేం లాంకషైర్ వాళ్ళం అంటారు. లాంకషైర్ నుంచి విడదీసి గ్రేటర్ మాంచెస్టర్‌లో కలుపుతూ 1974లో గీసిన సరిహద్దు వాళ్ళ మనసులోకి ఎక్కలేదు. మనవాళ్ళు కూడా చదువుకుంటున్న బోల్టన్ యూనివర్సిటీ పేరుని గ్రేటర్ మాంచెస్టర్ యూనివర్సిటీ అని మార్చినప్పుడు ఆ ఊళ్ళో బాగా వ్యతిరేకత వచ్చింది, నేను వాళ్ళ పక్షమే. అధికారం లండన్ నుంచి వచ్చి మాంచెస్టర్ టౌన్ హాల్ చుట్టూ ఆగిపోతే బోల్టన్ వాడికి ఒరిగేదేముంది? యార్క్‌షైర్‌లో ఎక్కువ కౌన్సిళ్ళు కలిసి మా అందరికీ ఒకే మేయర్ కావాలని అడిగితే 2019లో ప్రభుత్వం కాదంది. 2004లో ఈశాన్య ఇంగ్లండ్ జనం ప్రాంతీయ అసెంబ్లీని 78 శాతం ఓట్లతో తిరస్కరించారు కదా, జనానికి ఇలాంటి అధికారాలు అక్కర్లేదు అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. వాళ్ళకి ఇవ్వజూపింది పెద్దగా అధికారాల్లేని అసెంబ్లీ. బస్సు చార్జీ తగ్గించగలిగే మేయర్ కావాలా అని అడిగి ఉంటే జవాబు వేరేగా ఉండేదని నా నమ్మకం.

ఒక మార్కు ఎందుకు తీశానంటే, లోకల్ రైళ్ళు ఇంకా ఈ టికెట్‌లోకి పూర్తిగా రాలేదు, ఎనిమిది లైన్లని 2028కల్లా కలుపుతామంటున్నారు. డబ్బు సంగతి ఇంకా ఇబ్బంది. 2025 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వం చాలా నిధుల్ని కలిపి ఒకే మొత్తంగా ఇస్తోంది, మంచిదే, కానీ ఇళ్ళ మీద వేసే కౌన్సిల్ పన్నుకి కొంత కలిపి వేసుకోవడం తప్ప మేయర్‌కి సొంత పన్ను ఆదాయం దాదాపు లేదు. ఇచ్చిన చెయ్యి రేపు వెనక్కి లాగితే ఈ 2 పౌండ్లు నిలబడతాయా అన్న భయం నాకుంది.

ఇక్కడికొచ్చే మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, స్టూడెంట్ వీసా మీద ఉన్నా మీకు ఇక్కడ ఓటు ఉంటుంది, మేయర్ ఎన్నికలో కూడా. ఇల్లు దొరికి అడ్రస్ ఖాయం కాగానే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి. పోలింగ్ రోజు గుర్తింపుగా మన ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది.