కోరింగ మడ అడవికి ఆటు సమయంలో వెళ్లండి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరింగ అభయారణ్యం ఉంది. మడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీద నడవడం చాలా బాగుంటుంది. చాలామంది ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నా మాట విని, నీరు తీసినప్పుడు వెళ్లి వంతెన పక్కన బురదకేసి చూడండి.

మడ్‌స్కిప్పర్లు కనిపిస్తాయి. వేలెడంత చేప, నెత్తిమీద ఉబ్బిన కళ్లు. ముందు రెక్కల్ని మోచేతుల్లా ఆనించి బురద మీద నడుస్తుంది. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీల్చుకుంటుంది. మిగతా చేపలు నీటితోపాటే వెళ్లిపోతే, ఇది బయటే మేస్తూ, వీపు మీది రెక్క విప్పి గెంతుతూ తిరుగుతుంది. లోతు నీళ్లలో ఈత పోటీ దీనికి అక్కర్లేదు, ఆ బురదంతా దీని రాజ్యమే!

మా చెల్లి కొడుకుని తీసుకెళ్లాను. టెన్త్‌లో లెక్కల మార్కులు తగ్గాయని దిగులుపడుతున్నాడు. మోటారు విప్పి బిగించడంలో మా వీధిలో వాడిని మించినవాడు లేడు.

"చేపయ్యుండి ఈదదేంటి పెద్దమ్మా?"

"దానికి నడక వచ్చు కదరా."

చాలాసేపు రెయిలింగ్ వదల్లేదు. ఆ సాయంత్రం ఐటీఐలో చేరడం గురించి వాడే అడిగాడు. నాకు ఆ ఒక్క మాట చాలు.

బోటు ఆటుపోట్లను బట్టి తిరుగుతుంది, ముందే కనుక్కోండి. టోపీ, మంచినీళ్లు తీసుకెళ్లండి. దయచేసి చిప్స్ కవర్లు బురదలో పడేయకండి.